ఫిల్ము మీద కొలిచిన మనిషి

మొన్న శుక్రవారం నాచారం చౌరస్తాలో కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో చూశాను. బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి మళ్లీ చూశాను. ఆయనే. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటో కాబోలు, తెల్లచొక్కా వేసుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. కింద పేరుంది. ఆయన పేరు నాకు తెలిసింది ఆ రోజే. మా రికార్డుల్లో పిల్ల పేరు, వయసు, ఫోను నంబరు ఉంటాయి తప్ప తండ్రి పేరు ఎవరూ రాయరు. నా మటుకు నాకు ఆయన ఎప్పుడూ 'లేత్ అన్న'. ఆ పేరు ఇక్కడ కూడా రాయను. బతికుండగా ఒక్కసారి అడగని వాణ్ణి, పోయాక రాసి ఏం ఉద్ధరిస్తాను?

పక్కనున్న పంక్చర్ షాపతను నేను చూస్తుండటం చూసి, “గుండెనొప్పి సార్. షెడ్డులనే, మిషన్ ముందట్నే కూలబడ్డడు. దవాఖానకు తీస్కపోయే లోపట్నే అయిపోయింది” అన్నాడు. తెలిసినవాడా అని అడిగాడు. ఏదో కొంచెం అని చెప్పి బండి ఎక్కాను.

మాది భీమవరం దగ్గర. పదకొండేళ్లుగా ఉప్పల్‌లో ఒక చిన్న స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై మిషన్ నడుపుతున్నాను. డాక్టర్ని కాను, బొమ్మలు తీసేవాణ్ణి. వాటిని చదివి రిపోర్టు రాసే డాక్టర్లు వేరే ఉంటారు. ఈ రోజుల్లో వాళ్లు సెంటరుకు కూడా రారు, ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూసి పంపేస్తారు. ఈ నెల ఒకరైతే వచ్చే నెల ఇంకొకరు. రోగికి కనపడే ముఖం నాదొక్కటే కాబట్టి అడగాల్సినవన్నీ నన్నే అడుగుతారు. “డాక్టరుగారిని అడగండి” అని చెప్పి తప్పించుకోవడం నా ఉద్యోగంలో సగం.

ఆయన మొదటిసారి వచ్చింది భార్యతో, ఆరేళ్ల కూతురితో. ముందురోజు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర గుంతలో స్కూటరు ఎగిరి, వెనక కూర్చున్న పిల్ల కింద పడింది. తలకు చిన్న బొప్పి కట్టింది, అంతే. పక్కనున్న ఆసుపత్రివాళ్లు ఎందుకైనా మంచిదని తలకు సీటీ స్కాన్ తీశారు. దెబ్బ వల్ల ఏమీ కాలేదు కానీ, దెబ్బతో ఏ సంబంధమూ లేని మచ్చ ఒకటి లోపల కనపడింది. గడ్డలా ఉంది, ఎమ్మారై తీయించండని మా దగ్గరకు పంపారు. పిల్ల ఎప్పుడూ తలనొప్పి అన్న పాపాన పోలేదు. మా వెయిటింగు హాల్లో కుర్చీల మధ్య ఒంటికాలి మీద గెంతుతోంది.

పిల్లతో పాటు ఒకరు లోపలికి వెళ్లొచ్చు. ఆ గదిలో ఉన్నది పెద్ద అయస్కాంతం కనుక, వెళ్లేవాళ్లను ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి.

“కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అన్నా?” అన్నాను.

ఆయన భార్య వంక చూసి నవ్వాడు. “ఎప్పుడన్న ఏంది తమ్మీ, రోజు పడుతది. నాచారంల నాది లేత్ మిషన్ షెడ్డు. ఇరవై ఐదేండ్ల సంది గదే పని.”

“అయితే మీరు లోపలికి రాకూడదు. కంట్లో రవ్వ మిగిలి ఉంటే లాగేస్తుంది.”

“నా బిడ్డ గద?”

“ఎవరి బిడ్డయినా అంతేనన్నా.”

ఆయన వాదించలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చుని, ఆ పిల్ల బొత్తాం సరిచేస్తూ చెప్పాడు. “లోపట మన షెడ్డే ఉన్నది బిడ్డా. ఒకటెన్క ఒకటి మిషన్లు నడుస్తయి. ఏ సప్పుడు ఏ మిషన్దో యాది పెట్టుకొని, బయటికొచ్చినంక నాకు చెప్పాలె. కదిలినవో, లెక్క తప్పుతవ్.”

ఆ వయసు పిల్లలకు మామూలుగా మత్తు ఇచ్చి తీస్తారు. మిషన్ చేసే మోతకు పెద్దవాళ్లే హడలిపోతారు. ఆ పిల్ల ముప్పావు గంట సేపు కదలలేదు. బయటికి రాగానే వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. “ఫస్టు డ్రిల్లు డాడీ. తర్వాత పెద్ద గ్రైండరు. గా తర్వాత ఇనుము గట్టిగ తాకితే టకటక కొట్టుకుంటది సూడు, గది.”

“మిల్లింగా?”

“ఆ, మిల్లింగే. మస్తుసేపు నడిచింది.”

తల్లి అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం కూతురు చెప్పిన వరస తప్పా ఒప్పా అని నన్ను అడిగాడు. నేను ఒప్పే అన్నాను. అప్పటినుంచి ఆ పిల్లకు నేను అంకుల్‌ని, ఆయనకు తమ్మీని.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. ఎక్కడ నిలబడ్డా అక్కడున్న ఇనుప అంచు మీద బొటనవేలు నడిపించి చూసేవాడు. రేకు కోసినచోట మిగిలే గరుకును వాళ్లు బర్ అంటారు. “బర్ ఉన్నది. చెయ్యి కోస్కుంటది” అనేవాడు. మా కౌంటరు స్టీలు అంచుకు రిసెప్షన్ అమ్మాయి చున్నీ రోజూ తగులుకునేది. రెండోసారి వచ్చినప్పుడు జేబులోంచి చిన్న ఆకురాయి తీసి, పిల్ల లోపల ఉన్నంతసేపూ కూర్చుని ఆ అంచు మొత్తం నున్నగా రాసేశాడు. ఆయన్ని ఎవరూ చెయ్యమనలేదు. మేమెవరం కృతజ్ఞత చెప్పినట్టు కూడా గుర్తు లేదు. ఆయన ఫిల్ముల కవరును ఎప్పుడూ చుట్టేవాడు కాదు, రెండు చేతుల మీద పళ్లెంలా పట్టుకుని నడిచేవాడు. గోళ్ల చుట్టూ నలుపు ఉండేది. కటింగ్ ఆయిల్ వాసన ఆయనకంటే ముందు లోపలికి వచ్చేది. మిషన్ గది అద్దం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు, ముట్టుకుంటే అద్దానికి మరక అంటుతుందని. నేను తాగుతానో లేదో అడక్కుండా రెండు టీలు తెచ్చి ఒకటి నా ముందు పెట్టేవాడు.

పిల్ల పడకపోయి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు, మన మానాన మనం బతికేవాళ్లమని భార్య అనేది. పడబట్టే బతికిపోయింది, ముందే తెలిసింది అని ఆయన అనేవాడు. ఎప్పుడు వచ్చినా ఆ బెంచీ మీద ఈ తగవు నడుస్తూనే ఉండేది. ఎవరూ గెలిచేవాళ్లు కాదు.

పెద్దాసుపత్రిలో మెదడు డాక్టరు ఏం చెప్పాడో రెండోసారి వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు.

“ముట్టుకోవద్దంట తమ్మీ. శానా లోతుల ఉన్నదంట. తీయవోతే గడ్డకంటె ఎక్కువ ఖరాబైతదంట. పెరగకుంటె జిందగీ అంత గట్లనే ఉంటదంట. ఆరు నెలలకొకసారి ఫొటో తీసి సూస్కుంట ఉండాలె, గంతే. నేనొకటే అడిగిన. సారూ, ఎంత పెరిగితే కోస్తరు? టాలరెన్స్ ఎంతనో చెప్పున్రి, నేను యాది పెట్టుకుంట అన్న. గట్ల నంబరేం ఉండదయ్యా అన్నడు. నంబరు లేని పని ఉంటదా?”

“డాక్టరుగారినే అడగాలన్నా” అన్నాను.

“గాయన్ని అడిగే వస్తున్న” అన్నాడు, టీ గ్లాసు కింద పెడుతూ.

టాలరెన్స్ అంటే ఎంత తేడా దాకా సర్దుకోవచ్చో ఆ హద్దు. తయారుచేసే ప్రతి ముక్కకూ ఆ హద్దు కాగితం మీద రాసి ఉంటుంది, అది దాటితే ముక్క తుక్కులోకి పోతుంది. ఇరవై ఐదేళ్లు అలా బతికిన మనిషికి, కూతురి తలలో ఉన్నదానికి హద్దు లేదనడం ఎంత భయమో నాకు అప్పుడు తెలియలేదు. తెలిసినా నేను చేసేదేమీ లేదు.

రెండో రిపోర్టు తీసుకున్న మర్నాడు పొద్దున్నే షట్టరు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం నల్లబడిపోయింది. మొదటి రిపోర్టులో గడ్డ పన్నెండు మిల్లీమీటర్లు, రెండోదాంట్లో పదమూడు. కింద మాత్రం మార్పేమీ లేదని రాశారు, ఎవరో చదివి చెప్పారట. ఆయనకు ఇంగ్లిషు రాదు, అంకెలు వచ్చు.

“మిల్లీమీటర్ పెరిగితే మార్పు లేదంటరేంది తమ్మీ? మా దగ్గర మిల్లీమీటర్ తేడా వస్తే పీసు మొకం మీద కొడ్తరు.”

రెండుసార్లూ కొలిచింది వేర్వేరు డాక్టర్లని, అంచు ఎక్కడ మొదలైందో ఒక్కొక్కరికి ఒక్కోలా కనపడుతుందని, ఒకటి రెండు మిల్లీమీటర్లు లెక్కలోకి రావని నాకు చేతనైనట్టు చెప్పాను. ఆయన వింటూనే చొక్కా జేబులోంచి వెర్నియర్ తీశాడు. రెండు దవడల మధ్య వస్తువును పట్టి వెంట్రుకంత తేడా కూడా చెప్పే కొలత పరికరం అది. రెండు ఫిల్ములూ మా లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి తెల్లమచ్చను కొలిచాడు. ఫిల్ము మీద ఉన్నది తగ్గించి అచ్చువేసిన బొమ్మ అని ఆయనకు తెలుసు. కానీ రెంటిలోనూ తగ్గింపు ఒకటే కదా, కాబట్టి పోల్చి చూడొచ్చు అన్నాడు. కొలిచాడు. రెండూ ఒకటే వచ్చాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

ఆయన అక్కడే బెంచీ మీద కూలబడి కాసేపు ఏడ్చాడు. నేను నవ్వుతూ భుజం తట్టి, “మా డాక్టర్లకంటే నువ్వే నయమన్నా” అన్నాను. ఆ మాట ఆయన చాలా పట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడట.

మూడోసారి వచ్చేలోపు మా సెంటరు మేనేజరు మారాడు. ఫిల్ములు ఎక్కువ ఖర్చవుతున్నాయి, ఒక్కో ఫిల్ము మీద పన్నెండు బొమ్మల బదులు ఇరవై సర్దండి అన్నాడు. డాక్టర్లు ఎలాగూ కంప్యూటర్లోనే చూస్తారు కాబట్టి నష్టమేం లేదు. నేను ప్రింటింగులో గడులు మార్చాను. బొమ్మలు చిన్నవయ్యాయి. ఫిల్ము అంచున సెంటీమీటర్ల గీత ఒకటి సన్నగా పడుతుంది. అదీ దానికి తగ్గట్టు చిన్నదవుతుంది. అసలు కొలత తెలిసేది ఆ గీతను బట్టే, కానీ ఆ సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

రిపోర్టులో మార్పు లేదనే వచ్చింది. డాక్టరు ఈసారి ఏడాది తర్వాత రమ్మన్నాడు. వారం తిరక్కుండా ఆయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. మధ్యాహ్నం, హాలు నిండా జనం. కౌంటరు మీదుగా ఒంగి కొత్త ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తి పట్టాడు.

“తగ్గింది తమ్మీ! ఫిల్ము మీద అయిదు ఉన్నది నాలుగైంది. మూడుసార్లు కొలిచిన. మా ఆమె గుట్ట దేవునికి మొక్కుకున్నది, అందుకే అంటున్నది. ఎందుకన్న గానీ, తగ్గింది. ఊకె ఊకె పిల్లను గా మిషన్ల పెట్టుడు అక్కర్లేదు గద ఇగ?”

నాకు అప్పుడు తట్టలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తట్టింది. ఫిల్ము లైటుకు అడ్డం పెట్టగానే చిన్న చిన్న బొమ్మలు వరసగా కనపడ్డాయి, గడులు మార్చిన సంగతి గుర్తొచ్చింది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ ఎదురుగా పదిమంది నిలబడ్డారు, ఒకాయన అప్పటికే అరుస్తున్నాడు, ఈయన ముఖం చూస్తే ఏడాదిలో ఎన్నడూ లేనంత వెలుగు. రిపోర్టులో ఎలాగూ నిజమే ఉంది కదా, డాక్టరు చూసుకుంటాడు కదా, ఉన్న సంతోషం ఎందుకు చెడగొట్టడం అనుకున్నాను.

“మంచిదే కదన్నా” అన్నాను. ఒక మైసూర్‌పాక్ ముక్క తీసుకుని తర్వాతి పేరు పిలిచాను.

అక్కర్లేదు అని నేను అనలేదు, అది నిజం. డాక్టరుగారిని అడగమని కూడా అనలేదు.

ఏడాది గడిచింది. వాళ్లు రాలేదు. ఒకటి రెండుసార్లు అనుకున్నాను, ఫోను నంబరు కంప్యూటర్లో ఉంది కదా అని. ఇంకో సెంటరుకు వెళ్లుంటారులే అనుకుని ఊరుకున్నాను. ఇంకో ఎనిమిది నెలలు పోయాక, ఒక సోమవారం పొద్దున ఆటోలోంచి పిల్లను ఎత్తుకుని దిగాడు. తొమ్మిదేళ్ల పిల్ల, కాళ్లు ఆయన మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. నెల రోజులుగా పొద్దున లేవగానే వాంతులు. అజీర్తి అనుకుని మందులు వాడారు. వారం నుంచి గుమ్మాలకు గుద్దుకుంటోందని తల్లి చెప్పింది.

పిల్లను బల్ల మీద పడుకోబెట్టి తలకు చట్రం బిగిస్తున్నాను. గదిలో లైట్లన్నీ వెలుగుతున్నాయి.

“అంకుల్, లైటు బంద్ జేసిన్రా?” అంది.

నేనేమన్నానో గుర్తు లేదు. బయటికొచ్చి మిషన్ నడిపాను. మొదటి బొమ్మ తెర మీదికి రాగానే, చదవడం రాని నాకే అర్థమైంది. గడ్డ కొంచెమే పెరిగింది, కానీ తలలో నీరు కిందికి దిగే సన్నటి దారికి అడ్డం పడింది. పోయే దారి లేక నీరు ఉబ్బి మెదడును చుట్టూ నొక్కేస్తోంది. ఏడాదికి రమ్మన్నప్పుడు వచ్చి ఉంటే ఈ దారి మూసుకుపోవడం ముందే కనపడేది. అద్దం దగ్గర ఆయన ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తెర వంక కాదు, నా వంక చూస్తున్నాడు. నేను తల తిప్పుకున్నాను.

ఆ రోజే ఆపరేషన్ చేసి నీటికి గొట్టం వేశారు. పిల్ల బతికింది. చూపు రాలేదు. వెలుగు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే. కంటి నరం నొక్కుకుపోయి చాలా రోజులైందని, ఇంకొన్ని వారాల ముందు తెచ్చినా దక్కేదేమోనని అక్కడివాళ్లు అన్నారట. ఈ మాటలు నాకు ఫోనులో తల్లి చెప్పింది. పాత స్కాన్‌ల సీడీలు కావాలని చేసింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

రెండు నెలలకు ఆయన ఒక్కడే వచ్చాడు. టీలు తేలేదు. నాలుగు ఫిల్ములూ లైటు పెట్టె మీద వరసగా పెట్టాడు.

“నిన్న షెడ్డుల అన్నీ పరిచి కొలిచిన తమ్మీ. గడ్డను కాదు, తలను. ఈ చెవి సంది ఆ చెవి దాక. ఆరేండ్లప్పుడు గింత ఉన్నది.” వెర్నియర్ దవడలు తెరిచి చూపించాడు. “ఏడేండ్లప్పుడు గింతనే ఉన్నది.” దవడలు దగ్గరికి జరిపాడు. “పిల్ల ఎదుగుతుంటె తల తగ్గుతదా?”

నేను లైటు పెట్టె మీది ఫిల్ముల వంకే చూస్తున్నాను.

“బొమ్మ చిన్నగ అచ్చేసిన్రు. గడ్డ ఎక్కడిదక్కడ్నే ఉన్నది. పని నేర్సుకుంటందుకు వచ్చే పోరలకు మొదటి దినం ఏం చెప్తనో ఎర్కనా? డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవద్దు, రాసిన కొలతనే తీస్కోవాలె అని. డ్రాయింగు కిందనే రాసి ఉంటది గా ముచ్చట. కాయితం చిన్నగైతది, పెద్దగైతది, రాసిన నంబరు మారదు. ఇరవై ఐదేండ్ల సంది చెప్తున్న. నా బిడ్డ కాడికి వచ్చేసరికి రాసిన నంబరు ఇడ్సిపెట్టి కాయితం కొలిచిన.”

ఆయన ఏడవలేదు. కౌంటరు అంచు మీద బొటనవేలు కూడా ఆడలేదు. ఫిల్ములు ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టుకున్నాడు. బయట ఎండ, మెట్రో పిల్లర్ కింద బస్సులు ఒకటే హారన్. చెప్పేస్తే బాగుండు, ఇప్పుడే చెప్పేయాలి అని లోపల ఒకటే కొట్టుకుంటోంది. ఆయన కవరు మూతి మడిచి నా వైపు తిరిగాడు.

“మిఠాయి తెచ్చిన దినం, నీకేమన్న యాదికొచ్చిందా తమ్మీ, బొమ్మలు చిన్నగ చేసినవని?”

ఆ ప్రశ్నలో నింద లేదు. పని ఎక్కడ చెడిందో వెతుక్కుంటున్న పనివాడు అడిగినట్టే అడిగాడు.

“లేదన్నా. నాకప్పుడు తట్టలేదు” అన్నాను.

“నేను గదే చెప్పిన,” అన్నాడు ఆయన. “ఇంట్ల ఆమె ఒకటే తీరుగ అంటున్నది, గా పిలగానికి తెల్సే ఉంటదని. నేను కోపం జేసిన. తెల్సుంటే చెప్పకుంట ఎట్ల ఉంటడే, గంత చిన్న పిల్ల విషయంల అన్న.”